పొట్టేలు పెట్టె, బంగారు పెట్టె

ప్రపంచంలో అన్నిటికన్నా విలువైన శవపేటిక ఏదంటే తడుముకోకుండా చెప్పొచ్చు: ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్‌ది. ఒకదానిలో ఒకటి ఇమిడే మూడు పేటికల్లో లోపలిది అచ్చంగా బంగారం, బరువు 110 కిలోలు. 1922లో సమాధిని కనుగొన్న హోవార్డ్ కార్టర్ బృందం 1925లో దాని మూత తీసింది. అంత్యక్రియలప్పుడు దేహం మీద పోసిన సుగంధ తైలాలు మూడు వేల ఏళ్లకు పైగా గడిచేసరికి బండబారి, దేహాన్ని పేటిక అడుక్కి అతికించేశాయి. దాన్ని బయటికి తీయడానికి ముక్కలు చేయాల్సి వచ్చింది. పది కాలాలు నిలవాలని పోసిన ద్రవ్యమే దేహానికి ముప్పు తెచ్చింది. నన్ను కదిలించేది మాత్రం ఆ బంగారం కాదు. బయటి పేటిక నుదుటి దగ్గర ఎవరో చేత్తో కట్టి ఉంచిన చిన్న పూలదండ దొరికింది. ఎండిన పూలలో రంగు ఛాయ ఇంకా మిగిలే ఉందని కార్టర్ రాసుకున్నాడు.

ఈజిప్టువాళ్ల పద్ధతికి 70 రోజులు పట్టేది. మెదడును కొక్కెంతో ముక్కులోంచి లాగి పారేసేవారు. కాలేయం, ఊపిరితిత్తులు, పొట్ట, పేగులు జాడీల్లో భద్రం చేసేవారు. గుండెను మాత్రం కదిలించేవారు కాదు, పరలోకంలో తూకం వేసేది దాన్నే కదా! నేట్రాన్ అనే ఉప్పులో సుమారు 40 రోజులు ఎండబెట్టాక నార బట్ట చుట్టేవారు.

అయితే అతి పురాతనమైన మమ్మీలు ఈజిప్టువి కావు. చిలీ దేశపు అటకామా ఎడారి తీరంలో బతికిన చించోరో జాలరులు అంతకు రెండు వేల ఏళ్ల ముందే, అంటే ఇప్పటికి ఏడు వేల ఏళ్ల కిందటే, ఈ విద్య నేర్చారు. అవయవాలు తీసేసి, లోపల పుల్లలు, రెల్లు కూర్చి, పైన మట్టి మెత్తి, ముఖానికి ముసుగు చేసి, నల్లటి మాంగనీసు పూసేవారు. వాళ్లకు రాజులు లేరు, పిరమిడ్లు లేవు. పసిపిల్లలకు, పుట్టకముందే పోయిన బిడ్డలకు కూడా ఇంత శ్రద్ధగా చేశారు. 2021లో యునెస్కో ఈ స్థలాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈజిప్టు గురించి చదివే ప్రతి పిల్లాడూ ఈ జాలరుల గురించి కూడా చదవాలి.

చెక్కుచెదరకుండా దొరికిన దేహాల్లో మొదటి స్థానం నేనైతే చైనా ప్రభువు భార్య షిన్ జుయికి ఇస్తాను. రెండు వేల నూట యాభై ఏళ్లకు పైబడిన ఈమె సమాధి చాంగ్షా నగరం దగ్గర మావాంగ్‌దుయిలో 1971లో బయటపడింది. మరుసటి ఏడాది తవ్వితే ఒకదానిలో ఒకటి నాలుగు లక్కపూత పేటికలు, లోపల ఇరవై పొరల పట్టు, ఆ పట్టులో ఆమె. చర్మం మెత్తగా ఉంది, కీళ్లు మడిస్తే మడత పడుతున్నాయి, తల మీద జుట్టుంది. డాక్టర్లు శవపరీక్ష చేస్తే పొట్టలో నూటికి పైగా దోసజాతి పండు గింజలు దొరికాయి. అంటే ఆ పండు తిన్న కాసేపటికే గుండెపోటుతో పోయిందన్నమాట. పేటికల చుట్టూ టన్నులకొద్దీ బొగ్గు, దాని చుట్టూ తెల్ల బంకమట్టి దట్టించి గాలి, నీరు చొరకుండా చేసిన ఆ పనివాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

ఇక మన సంగతి. ఇనుపయుగంలో మనవాళ్లు కాల్చిన మట్టితో, కింద వరసగా కాళ్లున్న శవపేటికలు చేసేవారు. చాలాచోట్ల దేహం మొత్తాన్ని కాక, ఏరిన ఎముకలనే అందులో ఉంచి, పక్కన కుండలు పెట్టి పూడ్చారు. వాటిలో వింతైనది కడప జిల్లా శంఖవరంలో దొరికింది. అది అచ్చం పొట్టేలే: ముందు తల, తల మీద మెలి తిరిగిన కొమ్ములు, ఒళ్లంతా పెట్టె. ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. చెన్నై వెళ్లే తెలుగువాళ్లు బీచి చూసి వచ్చేస్తారు, దీన్నీ ఒకసారి చూసి రండి. తెలంగాణ పల్లెల్లో ‘రాక్షస గుళ్లు’ అని పిలిచే బండల కట్టడాలూ అలాంటి పాత సమాధులే. రాళ్ల కోసం వాటిని పగలగొడుతున్న చోట అడ్డుపడాల్సింది ఊరివాళ్లే.

జంతువు ఆకారంలో పెట్టె చేయడం ఆ కాలంతో పోలేదు. ఘనా రాజధాని అక్రా పక్కన తెషీలో ‘గా’ తెగ వడ్రంగులు నేటికీ చేప, కోడి, కోకో కాయ, బెంజి కారు ఆకారాల్లో శవపేటికలు చెక్కుతున్నారు. జాలరికి చేప, రైతుకు పంట. ఈ పనికి పేరు తెచ్చిన సేత్ కేన్ క్వేయి, ఎన్నడూ విమానం ఎక్కని తన అమ్మమ్మకు విమానం పెట్టె చేశాడని చెబుతారు.

అతి పొడవైన పెట్టెలను ఓడలనే అనాలి. ఇంగ్లండులోని సటన్ హూలో 27 మీటర్ల ఓడను దిబ్బ కింద పూడ్చారు. ఆమ్లపు నేలలో దేహం, చెక్క రెండూ కరిగిపోయి, వరసలు తీరిన ఇనుప మేకులు మిగిలాయి. అతి పొదుపైన పెట్టె ఆస్ట్రియాను ఏలిన చక్రవర్తి రెండో జోసెఫ్ తెచ్చినది. కలప వృథా కాకుండా, అడుగు తలుపు తెరిస్తే దేహం గోతిలో పడి పెట్టె మళ్లీ పనికొచ్చేలా 1784లో ఆజ్ఞ ఇచ్చాడు. జనం మండిపడేసరికి ఆర్నెల్లకే వెనక్కి తీసుకున్నాడు. జనానిదే న్యాయం. అతి దూరం వెళ్లినవి ప్లూటోను కనుగొన్న క్లైడ్ టాంబో చితాభస్మం రేణువులు. 2006లో న్యూ హొరైజన్స్ నౌకలో చిన్న డబ్బాలో బయల్దేరి, 2015లో ప్లూటోను దాటి ఇంకా సాగిపోతున్నాయి.

రక్తనాళాల్లోకి మందు ఎక్కించే నేటి ఎంబామింగ్ అమెరికా అంతర్యుద్ధంలో ఊపందుకుంది. దూరాన చనిపోయిన సైనికుణ్ని ఇంటికి చేర్చడం ఎలాగన్నదే అప్పటి ప్రశ్న. 1865లో లింకన్ దేహం రైల్లో దాదాపు రెండు వారాలు ఊరూరా ప్రయాణించడంతో దేశమంతా దీన్ని కళ్లారా చూసింది.

ఆ ప్రశ్న ఇవాళ మన ఇళ్లది. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ ఊళ్లలో శవపేటిక అంటే గల్ఫ్ నుంచి విమానంలో వచ్చే చెక్కపెట్టె. అది కదలాలంటే అక్కడి మరణ ధ్రువపత్రం, ఎంబామింగ్ పత్రం, భారత దౌత్య కార్యాలయం నిరభ్యంతర పత్రం, రద్దు చేసిన పాస్‌పోర్టు అన్నీ కావాలి. కాగితాలు కుదరక రోజులు, వారాలు గడుస్తాయి, ఇక్కడ ఇంట్లో పొయ్యి వెలగదు. మీవాళ్లు గల్ఫ్‌లో ఉంటే పాస్‌పోర్టు, వీసా, అక్కడి గుర్తింపు కార్డు నకళ్లు, యజమాని ఫోన్ నంబరు ఇంట్లో ఉంచుకోండి. ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ నంబరు కూడా రాసి పెట్టుకోండి, ప్రమాదంలో పోతే దాని కింద కుటుంబానికి 10 లక్షల రూపాయలు వస్తాయి.