ఓటర్ల జాబితాలో స్త్రీ పేరు

1951–52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలకు ఓటర్ల జాబితాలు తయారుచేయుచున్న సిబ్బందికి ఒక విచిత్రమైన చిక్కు ఎదురైనది. ఇంటింటికి పోయి అడుగగా అనేకమంది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానా వారి భార్యను అన్నారు, ఫలానా వారి కూతురును అన్నారు. పరాయివారికి పేరు చెప్పుట మర్యాద కాదని వారి నమ్మకము. ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ అట్టి నమోదులను అంగీకరించలేదు. దేశములోని సుమారు 8 కోట్ల స్త్రీ ఓటర్లలో దాదాపు 28 లక్షల మంది ఈ విధముగా జాబితాకు దూరమైనారు. వీరిలో అధికులు బీహారు, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ మొదలైన ఉత్తరాది రాష్ట్రాలవారు. రాజ్యాంగము ఇచ్చినదానిని బిడియము తీసికొనిపోయినది.

అమెరికా స్త్రీలకు ఈ హక్కు ఇంత తేలికగా చిక్కలేదు. 1848లో సెనెకా ఫాల్స్ అను చిన్న ఊరిలో జరిగిన సభ తొలిసారిగా ఓటును కోరినది. 1872లో సుసాన్ ఆంథొనీ అను ఆమె ధైర్యముగా పోయి ఓటు వేయగా అరెస్టు చేసి 100 డాలర్ల జరిమానా విధించినారు. ఆమె దానిని చెల్లించనే లేదు. 1906లో ఆమె కన్నుమూసిన పదునాలుగేండ్లకు, 1920లో, రాజ్యాంగ సవరణ వచ్చినది. దక్షిణాది రాష్ట్రాల నల్లజాతి స్త్రీలలో అనేకులు 1965 నాటి చట్టము వరకు వేచియుండవలసి వచ్చినది.

మన దేశమున 1917 డిసెంబరులో, హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు నాయకత్వమున ఒక మహిళా బృందము మద్రాసులో మాంటేగు దొరను కలిసి ఓటు కోరినది. 1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటు ఇచ్చినది. అయితే అది ఆస్తిపాస్తులు గలవారికే. పొలములో నాట్లు వేసే స్త్రీకి దానితో పని లేదు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల కథ వేరు. ఇవి నిజాం రాజ్యములోనివి. ఇచట వయోజన ఓటు స్త్రీకే కాదు, పురుషునికి కూడ లేదు. అందుచేత తండ్రికి ముందు, కూతురికి తరువాత అను మాట మన ప్రాంతమున రాలేదు. ఇద్దరూ ఒకేసారి ఓటర్లైనారు. ఈ సంగతి మన విద్యార్థులలో ఎంతమందికి తెలుసునో! పరదా పాటించువారిని, ఇతర స్త్రీలను దృష్టియందుంచుకొని దేశమంతట 27,527 పోలింగు బూతులను స్త్రీలకే కేటాయించినారు. ఆ 1952 ఎన్నికలలోనే హైదరాబాదు శాసనసభకు శాలిబండ నుండి మాసూమా బేగం, ఆలేరు నుండి ఆరుట్ల కమలాదేవి, బాన్సువాడ నుండి సంగెం లక్ష్మీబాయి ఎన్నికైనారు. మాసూమా బేగం 1960లో ఆంధ్రప్రదేశ్ మంత్రి కూడ అయినారు. పరదా, ప్రజాజీవితము రెండూ పొసగవని వాదించువారు మన మొహల్లాలలో నేటికీ ఉన్నారు. వారు ఈ పేరును ఒకమారు జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

బీడీలు చుట్టి పిల్లలను చదివించు తల్లులు పోలింగు నాడు పనిదినము పోయినా లెక్కచేయక వరుసలో నిలుచుట మేము చూచినాము. వారి కూతుండ్లను ‘ఓటు ఉన్నదా?’ అని అడిగితే మాత్రము, ‘పెండ్లయినంక అత్తగారింట రాయిస్తరు సార్’ అని నవ్వుదురు. 28 లక్షల మంది జవాబునకు, దీనికి మాకు పెద్ద తేడా కనిపించలేదు. ఓటు వయస్సు 1989 నుండి 18 ఏండ్లే. 17 నిండినవారు ముందుగానే 6వ నంబరు ఫారము ఇచ్చుకొనవచ్చును. పెండ్లియై ఊరు మారితే 8వ నంబరు ఫారముతో అదే పేరు అక్కడికి మారును.