నాగపూరులో అర్ధరాత్రి సంత

విమానం మాట రాగానే పుష్పకాన్ని లాక్కురావడం తెలుగు మేష్టర్లకు అలవాటు. నేనూ కళాశాలలో తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణే అయినా ఇవాళ ఆ జోలికి పోను. నేను చెప్పబోయేది అంత పాత ముచ్చట కాదు; 1949 నాటిది.

మా వీధిలో ఉండే పిన్నిగారు ఒకరు ఈమధ్య కూతురి దగ్గరికి అమెరికా వెళ్ళివచ్చారు. "హైదరాబాదులో ఎక్కించుకున్నవాళ్ళు తిన్నగా తీసుకుపోరాదుటయ్యా? దుబాయిలో దింపి అర్ధరాత్రి వేళ మూడు గంటలు కూర్చోబెట్టారు. అక్కడ చూస్తే ఇసకవేస్తే రాలని జనం. అదేం సంతో!" అన్నారు.

అది లెక్క వేసి పెట్టిన సంత. అన్ని దిక్కుల నుంచీ విమానాలు ఒకే వేళకు వచ్చి దిగాలి, దిగినవాళ్ళు అటువాళ్ళిటు, ఇటువాళ్ళటు మారాలి, మళ్ళీ అన్నీ ఒక్క ఊపున లేచిపోవాలి. ఇలాంటి సంతే మన దేశంలోనూ ప్రతిరాత్రీ జరిగేదని చెబితే ఆవిడ నమ్మలేదు. అయితే అందులో ప్రధానమైన సరుకు మనుషులు కాదు, ఉత్తరాలు. ఊరు నాగపూరు.

ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు - నాలుగు మహానగరాలున్నాయి. ప్రతి ఊరి ఉత్తరాలూ తక్కిన మూడు ఊళ్ళకూ మర్నాటికల్లా అందాలంటే ఎన్ని విమానాలు నడపాలి? జతలు కట్టి చూడండి, ఆరు దారులు తేలతాయి. రానూ పోనూ కలిపితే రోజుకు పన్నెండు దూర ప్రయాణాలు. ఏ ఒక్క దారికీ విమానం నిండేటన్ని సంచులుండవు. ఇక మ్యాపు తెరిచి నడిబొడ్డున వేలు పెట్టండి, నాగపూరు తగులుతుంది. అక్కడికి బొంబాయి నుంచి ఆకాశమార్గాన సుమారు 680 కిలోమీటర్లు, ఢిల్లీ నుంచి 850, మద్రాసు నుంచి 900, కలకత్తా నుంచి 980. ఆనాటి డకోటా గంటకు రమారమి 270 కిలోమీటర్లు పోయేది. అంటే ఏ ఊరి విమానానికైనా నాలుగు గంటలలోపు ప్రయాణమే. నాలుగు విమానాలు, ఎనిమిది చిన్న ప్రయాణాలు. పని పూర్తి!

సాయంకాలం తపాలా కట్టేశాక రాత్రి ఒక్కొక్క ఊళ్ళో ఒక్కొక్క విమానం లేచేది. అర్ధరాత్రి దాటేవేళకు నాలుగూ నాగపూరు చేరేవి. మద్రాసు విమానంలోంచి ఢిల్లీ సంచి దిగి ఢిల్లీ విమానంలోకి, కలకత్తా సంచి కలకత్తా విమానంలోకి ఎక్కేవి; మద్రాసుకు రావలసిన మూడు ఊళ్ళ సంచులూ దీనిలోకి చేరేవి. తెల్లవారేసరికి ఏ విమానం గూటికి ఆ విమానం. పొద్దున్నే పోస్టుమాను బయలుదేరే వేళకు ఉత్తరాలు సిద్ధం. రైలులో మద్రాసు నుంచి ఢిల్లీకి రెండు రాత్రుల ప్రయాణమైన రోజులవి. మద్రాసుకూ నాగపూరుకూ తిన్నగా గీత గీసి చూస్తే అది నెల్లూరు మీదుగా, వరంగల్లు పక్కగా పోతున్నది. మన వాళ్ళు నిద్రలో ఉండగా పైన ఆకాశంలో ఉత్తరాలు ఊరు మారేవన్నమాట.

అసలు విమానాల వాళ్ళకు ఉత్తరాలమీద ఇంత ఆపేక్ష ఎందుకు? ఈ వ్యాపారంలో కిటుకంతా ఖాళీ సీటులో ఉన్నది. విమానం నిండా జనం ఉన్నా, నలుగురే ఉన్నా, పెట్రోలూ జీతాలూ దాదాపు ఒకటే. అమ్ముడుపోని సీటు మర్నాటికి పనికిరాదు, పెళ్ళింట మిగిలిన పులిహోరలాగ. తపాలా సంచి అలా కాదు. రోజూ వస్తుంది, చివరి నిమిషంలో ప్రయాణం మానుకోదు, కాఫీ అడగదు. 1932 అక్టోబరు 15న జె. ఆర్. డి. టాటా కరాచీ నుంచి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి తెచ్చినది ఉత్తరాలనే. అక్కడినుంచి నెవిల్ విన్సెంట్ వాటిని బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. మరుసటి సంవత్సరం ఆ కంపెనీ మోసిన ఉత్తరాలు పది టన్నులకు పైన; ఎక్కిన మనుషులు 155 మంది!

రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక మిగిలిపోయిన డకోటాలు చౌకగా దొరికాయి. పుట్టగొడుగుల్లా కంపెనీలు లేచాయి. విమానాలు ఎక్కువ, ఎక్కేవాళ్ళు తక్కువ. అప్పుడు కేంద్రంలో తపాలా, విమానయానం రెండూ రఫీ అహమ్మద్ కిద్వాయి చేతిలో ఉండేవి. పగలు తిరిగే విమానాలు రాత్రి ఊరికే పడి ఉంటున్నాయి గదా, రాత్రిపూట తపాలా మోయించరాదా అన్నది ఆయన ఆలోచన. టాటా ఎదురుతిరిగారు. చీకట్లో విమానాలకు దారి చూపే సదుపాయాలు నేలమీద చాలినన్ని లేవు, ఇది ప్రమాదం, ఖర్చుకూ గిట్టదు అన్నారు. కిద్వాయి ఆగలేదు. 1949 జనవరి 30న రాత్రి తపాలా మొదలైంది. మొదట పూనుకున్న ఇండియన్ ఓవర్సీస్ ఎయిర్‌లైన్స్ కొద్ది నెలలకే చేతులెత్తేసింది. ఆ అక్టోబరులో హిమాలయన్ ఏవియేషన్ అందుకున్నది. ఈలోగా ఏప్రిల్ 1 నుంచి దేశంలో ఉత్తరాలను విమానరుసుము వేరే పుచ్చుకోకుండానే, వీలైన చోటికల్లా విమానంలో పంపడం మొదలుపెట్టారు. మామూలు బిళ్ళ అంటించిన కవరు కూడా ఆకాశానికెక్కింది. ఇది చిన్న సంగతి కాదని నా అభిప్రాయం. విమానమెక్కే స్తోమతు లేనివాడి జాబు విమానమెక్కింది.

1953 ఆగస్టు 1న ఎనిమిది కంపెనీలను జాతీయం చేశారు. అందులో హిమాలయన్‌తోబాటు మన హైదరాబాదు డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా ఉన్నది. దేశంలోపలి సర్వీసులు ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేతికి వచ్చాయి, రాత్రి తపాలాతో సహా.

ఆ డిసెంబరు 12 తెల్లవారుజామున, సంచులు మార్చుకున్నాక, మద్రాసు విమానం నాగపూరులో లేచింది. లేస్తూనే ఎడమ ఇంజను బలం తగ్గింది. దింపబోయారు, కుదరలేదు. రాత్రి విమానాల్లో మనుషులను కూడా ఎక్కించుకునేవారు. ఉన్న పధ్నాలుగు మందిలో పదముగ్గురు పోయారు. కార్మిక నాయకుడు హరిహరనాథ్ శాస్త్రి వారిలో ఒకరు. పైలటు ఒక్కడే బతికాడు. టాటా భయపడ్డది చీకటికి, ఇక్కడ మొరాయించినది ఇంజను. కనక ఆయన మాటే నిజమైందని అనలేము. కిద్వాయి లెక్కలోనూ తప్పు లేదు. అయితే ఇంజను మొరాయిస్తే దిగడానికి నేల కనబడే పగలు వేరు, ఏమీ కనబడని రాత్రి వేరు.

ఈ ఏర్పాటుకు మరో చిక్కున్నది. నాలుగింటిలో ఒకటి మంచులో చిక్కుకుని ఆలస్యమైతే తక్కిన మూడూ ఏం చెయ్యాలి? కాచుకుంటే నాలుగు ఊళ్ళలోనూ పొద్దుటి బట్వాడా ఆలస్యం. కాచుకోకపోతే ఒక ఊరి ఉత్తరాలు మర్నాటిదాకా నాగపూరులోనే. ఇవాళ దుబాయిలోనైనా ఈ చిక్కు తీరలేదు. సంత పెద్దదైనకొద్దీ చిక్కూ పెద్దదైంది.

అమెరికాలో ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ అనే కంపెనీ మెంఫిస్ అనే ఊరిని నడిబొడ్డు చేసుకుని, రాత్రికి రాత్రి పార్సెళ్ళు మార్చి పొద్దుటికి ఇళ్ళకు చేర్చే పద్ధతి పెట్టింది. దాన్ని వ్యాపారశాస్త్ర విద్యార్థులు పాఠంగా చదువుకుంటారు. అది మొదలైనది 1973 ఏప్రిల్ 17న. ఆ రాత్రి 14 చిన్న విమానాలు 25 ఊళ్ళకు 186 పార్సెళ్ళు మోశాయి. నాగపూరు సంత మొదలై అప్పటికి ఇరవై నాలుగేళ్ళు దాటింది.