క్రెడిట్లకు ఖాతా, సీటుకు హామీ ఏది?

కమ్యూనిటీ కాలేజీలో బదిలీ డిగ్రీని 60 క్రెడిట్లతో పూర్తిచేసిన విద్యార్థికి స్టేట్ యూనివర్సిటీలో మూడో ఏట ప్రవేశం కల్పించేలా కాలిఫోర్నియా 2010లో చట్టం చేసింది. కోరిన క్యాంపస్ దొరకకపోవచ్చు, సీటు మాత్రం ఖాయం. మన యూజీసీ 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు తెచ్చింది. క్రెడిట్లు గరిష్ఠంగా 7 ఏళ్లు చెల్లుతాయి. మరి సీటు?

జాతీయ విద్యా విధానం మొదటి ఏడాదికే సర్టిఫికెట్ ఇచ్చి, దాన్ని 'నిష్క్రమణ' అంటోంది. ఫీజు కట్టలేని దళిత, ఆదివాసీ విద్యార్థినికి అది బహిష్కరణే. నా తరగతుల్లో చదువు మధ్యలో ఆపినవారిలో అగ్రకులాల పిల్లలు నాకు ఎదురుపడలేదు. ఆమె తిరిగొస్తే మధ్యలో చేరే సీట్లకు రోస్టర్ వర్తిస్తుందా? ఆగిన ఫీజు రీయింబర్స్‌మెంట్ మళ్లీ మొదలవుతుందా? క్రెడిట్లతోపాటు రిజర్వేషన్, హాస్టల్, ఉపకారవేతనం కూడా బదిలీ కావాలని నిబంధనల్లోనే రాయాలి.