కొత్త పొట్టేలును మందలో కలిపేదెలా?

పొట్టేలు వెనక్కి తగ్గిందంటే బెదిరిందని కాదు, ఢీకొట్టేందుకు ఊపు తీసుకుంటోందని కాపరులందరికీ తెలుసు. నాలుగడుగులు వెనక్కి వేసి పరుగున వచ్చి తలకు తల మోదితే కొమ్ము విరగవచ్చు. మెడ విరిగి ప్రాణమే పోవచ్చు. వేలు పోసి కొన్న విత్తన పొట్టేలు ఎదకాలంలో పోతే నష్టం దాని ధరతో ఆగదు, ఆ కారు ఈతలు కూడా దెబ్బతింటాయి.

2017లో తెలంగాణలో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కో యూనిట్‌కు 20 ఆడగొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చారు. నాలుగిళ్ల జీవాలను కలిపి తోలితే నాలుగు పొట్టేళ్లు ఒకచోట చేరతాయి. వరుస కలవకుండా రెండేళ్లకోసారి పొట్టేలును మార్చేవారికీ ఈ చిక్కు తప్పదు.

ఎందుకు పొడుచుకుంటాయి?

మందలో పెద్దరికం ఎవరిదో తేలేవరకు పోరు సాగుతుంది. తేలితే చాలావరకు సద్దుమణుగుతుంది. తొలకరి తరువాత పచ్చిమేత దొరికి ఆడగొర్రెలు ఎదకు వచ్చినప్పుడు పాత నేస్తాలు కూడా కలబడతాయి. కొన్నాళ్లు విడిగా ఉంచి తిరిగి కలిపినా, ఉన్ని కత్తిరించినా ఒకదానినొకటి కొత్తదానిలా చూస్తాయి. అందుకే విడదీయడం కంటే తిరిగి కలపడంలోనే జాగ్రత్త ఎక్కువ కావాలి.

ఇరుకు దొడ్డి ఉపాయం

సంతలో కొన్న పొట్టేలును తెచ్చిన రోజే మందలోకి వదలరాదు. రోగాలు అంటకుండా మూడు వారాలు విడిగా కట్టి మేపాలి. తరువాత పాత, కొత్త పొట్టేళ్లను ఇరుకైన దొడ్డిలో ఒకటి రెండు రోజులు కలిపి ఉంచాలి. పడుకోవడానికి చోటు ఉండాలి కాని, వెనక్కి నడిచి పరుగెత్తే చోటు ఉండకూడదు. ఊపు లేకపోతే దెబ్బకు బలం ఉండదు. తోసుకుంటాయి, వాసన చూసుకుంటాయి, క్రమంగా అలవాటు పడతాయి.

దొడ్డికి నీడ, లోపల మేత, నీరు తప్పనిసరి. నేల జారకూడదు. ఆడగొర్రెలు దగ్గర ఉండరాదు. అన్నిటి ముట్టెలకూ వేపనూనె రాస్తే ఒకే వాసన వచ్చి కొత్తదనం కొంత తగ్గుతుంది. కొమ్ములున్నదానిని, లేనిదానిని, పెద్దదానిని, పిల్లపొట్టేలును కలిపి ఉంచవద్దు. బయటికి వదిలాక తొలిరోజంతా కాపరి కన్ను వాటి మీదే ఉండాలి.

మధ్యలోకి వెళ్లవద్దు

పోట్లాడే పొట్టేళ్ల మధ్య నిలబడితే మనిషి కాలు విరగవచ్చు. తల మీద కర్రతో కొడితే రెచ్చిపోతాయే కాని ఆగవు. తడికెనో, తలుపు చెక్కనో అడ్డుపెట్టి విడదీయాలి. పొట్టేలుకు వీపు చూపవద్దు.

గాయమైతే పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీటితో కడిగి వేపనూనె రాయాలి. వానాకాలంలో ఈగలు వాలి పుండులో పురుగులు పడతాయి కనుక రోజూ చూడాలి. కొమ్ము మొదలంటా విరిగినా, పొట్టేలు తూలినా, మేత మానినా ఆలస్యం చేయక పశువైద్యుడికి చూపించాలి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

ముందుచూపే మేలు

20, 25 ఆడగొర్రెలకు ఒక విత్తన పొట్టేలు చాలు. మాంసానికి పెంచేవాటికి విత్తులు కొట్టిస్తే పోరు తగ్గుతుంది. పిల్లపొట్టేలు నుదురు పట్టి తోస్తూ ఆడించడం పిల్లలకు సరదా. కాని అదే నేర్చుకుని పెద్దయ్యాక మనుషులనే పొడుస్తుంది. ఆ ఆట మాన్పించాలి. పందెం కోసం జంతువులను పోరుకు ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమని కూడా మరువరాదు.

రెండు రోజుల ఇరుకు దొడ్డికి కావలసింది నాలుగు తడికెలు, ఒక మనిషి కాపలా. పొట్టేలు ధరతో పోలిస్తే అది ఏపాటి ఖర్చు?