‘సెట్’ అయిందా?

ఇంగ్లిష్‌లో అన్నిటికంటే ఎక్కువ అర్థాలున్న మాట ఏదని అడగండి. క్విజ్ పుస్తకాలు బట్టీ పట్టినవాళ్లు ఠక్కున ‘సెట్’ అంటారు. ఒకప్పుడు అది నిజమే. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు రెండో కూర్పులో ఈ క్రియకు 430 అర్థాలున్నాయి. వివరణే దాదాపు 60,000 మాటలు, ఓ నవలంత! మూడో కూర్పు కోసం సంపాదకుడు పీటర్ గిల్లివర్ ‘రన్’ అనే ఒక్క మాట మీద తొమ్మిది నెలలు కూర్చున్నారు. క్రియగానే దానికి 645 అర్థాలు తేలాయి. 2011లోనే కిరీటం చేతులు మారింది. క్విజ్ పుస్తకాలకే ఇంకా కబురు అందలేదు.

అపోహ: ‘సెట్’కున్న అర్థాలన్నీ ఒకే మాటవి.

వాస్తవం: పుట్టుకలో ఇవి రెండు మాటలు. క్రియ పాత ఇంగ్లిష్ ‘సెట్టాన్’ నుంచి వచ్చింది. మనకు ‘కూర్చోవడం’, ‘కూర్చోబెట్టడం’ ఎలాగో వాళ్లకు ‘సిట్’, ‘సెట్’ అలాగ. అలారం పెట్టడం, ఉంగరంలో రాయి పొదగడం, విరిగిన ఎముకను సరిచేసి కట్టడం... చూస్తే అన్నీ ఒకదాన్ని దాని చోట కూర్చోబెట్టడమే. కప్పుల సెట్టు, లెక్కల్లో మనం సమితి అనేది, రెండు మూడు కలిపి వడ్డించే సెట్ దోసె వేరే ఇంటివి. ఆ సెట్ లాటిన్ ‘సెక్టా’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. అసలు అర్థం అనుచరుల గుంపు. మత శాఖను చెప్పే ‘సెక్ట్’ దానికి తోబుట్టువు. పలుకు ఒకటయ్యేసరికి రెండు కాపురాలూ కలిసిపోయాయి. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు రాసే ఏపీ సెట్‌కు మాత్రం ఈ చుట్టరికమే లేదు, అవి పొడి అక్షరాలు.

అపోహ: సిమెంటు సెట్ అయిందంటే ఆరిందని.

ఇల్లు కట్టించేవాళ్లకు ఇది ఖరీదైన పొరపాటు. సిమెంటు గట్టిపడేది నీళ్లు ఎగిరిపోయి కాదు, నీళ్లతో రసాయనికంగా కలిసి. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు బిగుసుకోవడం 30 నిమిషాల లోపు మొదలుకాకూడదు, 600 నిమిషాలు దాటకుండా పూర్తవ్వాలి అని మన ప్రమాణాలు చెబుతాయి. బిగుసుకోవడం వేరు, బలం రావడం వేరు. బలం రోజుల తరబడి పెరుగుతుంది, అందుకే దాన్ని 28వ రోజున పరీక్షిస్తారు. స్లాబు సెట్ అయిపోయింది కదా అని నీళ్లు కొట్టడం మానేస్తే పగుళ్లు తప్పవు.

‘ఆ సంబంధం మనకు సెట్ కాదు’ అంటే తప్పు ఇంగ్లిష్ అని కొందరు నొసలు చిట్లిస్తారు. అది ఇంగ్లిష్ అయితే కదా తప్పవడానికి! మాట వాళ్లదే అయినా, ‘కుదరడం’ అనే అర్థంలో వాడుక మనది, వెనక తగిలించిన ‘అవు’ కూడా మనదే. ఈ వాడుక నమ్ముకుని అమెరికా హోటల్లో కూర్చుంటేనే చిక్కు. వడ్డించే అమ్మాయి వచ్చి ‘ఆల్ సెట్?’ అంటే అన్నీ కుదిరాయా అని కాదు, ఇంకేం వద్దు కదా అని. ఊ కొట్టారో, బిల్లు వచ్చేస్తుంది.