దుక్కి గెలిచిన యుద్ధం

నేను చరిత్ర విద్యార్థిని కాను. చదివేది బి.యస్సీ., పుట్టింది రైతు ఇంట. అయినా ఫ్రాన్సులోని అజిన్‌కోర్ట్ దగ్గర 1415 అక్టోబరు 25న జరిగిన యుద్ధం గురించి లైబ్రరీలో చదువుతుంటే, ఇది మనకు తెలిసిన పొలమే కదా అనిపించింది. అందుకే ఈ నాలుగు ముక్కలు.

ఇంగ్లండు రాజు ఐదవ హెన్రీ ఫ్రాన్సు సింహాసనం తనదేనంటూ ఆ ఏడు ఆగస్టులో సముద్రం దాటాడు. హార్‌ఫ్లూర్ రేవును ముట్టడించి పట్టుకునేసరికి సెప్టెంబరు చివరికొచ్చింది. రక్తవిరేచనాలతో సైన్యం చిక్కిపోయింది. మిగిలినవాళ్లతో కలే రేవుకు నడుస్తుంటే, తమకంటే పెద్దదైన ఫ్రెంచి సైన్యం దారి కాసింది. రెండు అడవుల మధ్య ఇరుకైన మైదానం. అది అప్పుడే దున్నిన దుక్కి. దానికి తోడు ముందు రాత్రంతా వాన.

ఇక్కడే నాకు మా నాన్న మాట గుర్తొచ్చింది. "వాన వెలిసిన దుక్కిలోకి ఎడ్లను దించకురా. వాటి కాళ్లూ పోతాయి, చేనూ పోతుంది" అంటాడు. దున్నిన మట్టి గుల్లగా ఉంటుంది. ఆ సందులన్నీ నీళ్లతో నిండితే మట్టి రేణువుల మధ్య పట్టు తప్పుతుంది. తొక్కినకొద్దీ అది ఇంకా చిత్తడి అవుతుంది. అజిన్‌కోర్ట్‌లో జరిగిందీ ఇదే. మొదట ఫ్రెంచి గుర్రాలు దూకాయి. ఇంగ్లీషు విలుకాండ్రు పాతిన వాడి గుంజలకూ, బాణాలకూ బెదిరి వెనక్కి మళ్లాయి. అప్పటికే నేలంతా దమ్ము చేసినట్టయింది. ఆ బురదలోకి ఉక్కు కవచాలతో వేలమంది కాలినడకన దిగారు.

ఒక్కో కవచం ఇరవై, ముప్పయి కిలోలు. 2011లో లీడ్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కవచాలు తొడిగిన మనుషులను ట్రెడ్‌మిల్ మీద నడిపించి కొలిస్తే, మామూలు నడకకు రెండింతలకు పైగా శక్తి ఖర్చయింది. అదీ గట్టి నేల మీద! బురదలో ఇంకో బాధ ఉంది. కూరుకున్న కాలు పైకి లాగితే పాదం కిందికి గాలి వెంటనే చేరదు. కింద పీడనం తగ్గి, పైనుంచి వాతావరణం నొక్కుతుంది. చదరపు సెంటీమీటరుకు వాతావరణ పీడనం సుమారు ఒక కిలో బరువు. పాదం వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. పీడనంలో పదోవంతు తేడా వచ్చినా, అడుగు అడుగుకూ మరో 20 కిలోలు ఎత్తినట్టే.

అలా రొప్పుతూ వచ్చినవాళ్లు ఇరుకులో ఒకరినొకరు తోసుకున్నారు. పడ్డవాడు మళ్లీ లేవలేదు. విలుకాండ్రకు ఆ బరువు లేదు. కొందరికి కాళ్లకు చెప్పులైనా లేవని నాటివాళ్లు రాశారు. బాణాలయిపోగానే గొడ్డళ్లూ, సుత్తులూ పట్టుకుని దూకారు. ఫ్రెంచివారిలో వేలమంది చచ్చారు. వారిలో ముగ్గురు డ్యూకులు, సేనాని డాల్‌బ్రే కూడా ఉన్నారు. మళ్లీ దాడి జరుగుతుందన్న భయంతో హెన్రీ బందీలను చంపమన్నాడు. గెలుపు పాటల్లో ఆ మచ్చను మరిచిపోకూడదు.

అంతా బురద మహిమే అనను. ఫ్రెంచి రాజు ఆరవ చార్లెస్‌కు మతి స్థిమితం లేదు. ముందు వరుస కోసం ప్రభువులు పోటీపడ్డారు. ఒక మాట మీద నడిపేవాడు లేడు. వానా, దుక్కీ మాత్రం ఆ తప్పులకు వడ్డీ కట్టించాయి.

ఇంత చేసి హెన్రీ కట్టుకుపోయిందేమిటి? 1420 సంధితో ఫ్రాన్సుకు వారసుడయ్యాడు. 1422లో, 35 ఏళ్లకే, కిరీటం పెట్టుకోకుండానే జబ్బుతో పోయాడు. 1453 నాటికి ఫ్రాన్సులో ఇంగ్లీషువారికి మిగిలింది కలే ఒక్కటే.

సెలవుల్లో ఈ కథ మా నాన్నకు చెప్పాను. రాజుల సంగతి ఆయన అడగలేదు. "మరి ఆ చేనుగలాయన గతేమిట్రా?" అన్నాడు. చచ్చిన డ్యూకుల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. నాగలి పట్టినవాడి పేరు లేదు. చరిత్ర చదివే మిత్రులారా, ఏ యుద్ధం గురించి చదివినా అది ఎవరి పొలంలో జరిగిందని కూడా ఒక్కసారి అడగండి.