మానిన గుండెలో మిగిలిన మచ్చ

పుండు మానినా మచ్చ పోదని పెద్దలంటారు. చర్మంపై మచ్చ అందానికి మాత్రమే లోపం. హృదయంలోని మచ్చ ప్రాణానికే ముప్పు కావచ్చును. గుండెపోటు నుండి కోలుకొని, నలుగురితో నవ్వుతూ తిరిగే మనిషి ఒకనాడు హఠాత్తుగా కుప్పకూలుటకు ఇది ఒక ముఖ్య కారణం.

గుండె కండరాన్ని పోషించే ధమని రక్తపు గడ్డతో మూసుకొనిపోవుటే సాధారణంగా గుండెపోటుకు మూలం. రక్తమందని కండరం మరణిస్తుంది, తిరిగి మొలవదు. కొన్ని వారాలలో దాని స్థానాన్ని కొల్లాజెన్ అనే నార పదార్థం ఆక్రమిస్తుంది. ఈ మచ్చ గుండెగోడ పగలకుండా కాపాడుతుంది. కాని అది సంకోచించదు, విద్యుత్తును ప్రసరింపజేయదు.

గుండె కొట్టుకొనే ప్రతి పర్యాయం ఒక విద్యుత్ తరంగం దానిని నడిపిస్తుంది. మచ్చ అంచులలో బ్రతికి మిగిలిన కండర తంతువులలో ఆ తరంగం మందగించి, చుట్టు తిరిగి, బయలుదేరిన చోటికే చేరవచ్చును. అప్పటికి అక్కడి కండరం తేరుకొని ఉంటే, తరంగం గానుగెద్దు వలె అదే వలయంలో తిరుగుతుంది. గుండె విపరీత వేగంతో కొట్టుకొంటుంది. ఆ లయ మరింత చెదరితే జఠరికలు సంకోచించుట మాని వణకసాగుతాయి. క్షణాలలో స్పృహ పోతుంది; నాలుగైదు నిమిషాలలో మెదడు దెబ్బతినుట మొదలవుతుంది.

ఈ ముప్పును అంచనా వేయుటకు ఎకో పరీక్ష తోడ్పడుతుంది. ఎడమ జఠరిక తనలోని రక్తంలో 55 నుండి 70 శాతం వరకు ప్రతిసారి వెలికి నెట్టుట ఆరోగ్య లక్షణం. గుండెపోటు వచ్చి 40 రోజులు గడచి, తగిన మందులు వాడిన పిమ్మట కూడా అది 35 శాతం లేదా అంతకు తక్కువగా ఉంటే ప్రమాదం హెచ్చు. అంతకు మించినవారు పూర్తిగా నిర్భయులని కాదు. ఎం.ఆర్.ఐ. పరీక్షలో మచ్చయే ప్రత్యక్షంగా కనిపిస్తుంది.

వార్సాలో జన్మించిన వైద్యుడు మిషెల్ మిరోవ్‌స్కీ తన గురువు హ్యారీ హెల్లర్‌ను 1966లో ఇట్టి లయభంగం వల్లనే కోల్పోయాడు. ఆ దుఃఖమే పరిశోధనయైంది. శరీరంలోనే ఉండి, లయ తప్పినంతనే విద్యుదాఘాతంతో సరిదిద్దే యంత్రాన్ని 1980లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో తొలిసారి ఒక రోగికి అమర్చారు. 2002లో వెలువడిన ఒక అధ్యయనంలో గుండెపోటు వచ్చి, గుండె బలం 30 శాతానికి మించని 1232 మందిని పరిశీలించగా, యంత్రం లేనివారిలో 19.8 శాతం, ఉన్నవారిలో 14.2 శాతం మరణించారు. అయితే యంత్రం మచ్చను చెరపదు; దాని వెల సామాన్యునికి భారమే. కనుక వైద్యుడు వ్రాసిన మందులను, పునఃపరీక్షలను మానరాదు.

విద్యార్థి మిత్రులారా! కళ్లెదుట ఎవరైనా కూలి, పిలిచినా పలుకక, సరిగా శ్వాసించకుంటే గుమిగూడి చూడకండి. ఒకరు 108కు ఫోను చేయాలి. మరొకరు రొమ్ము నడుమ రెండు అరచేతులతో నిమిషానికి 100 నుండి 120 సార్లు, అయిదు సెంటీమీటర్ల లోతుకు గట్టిగా నొక్కాలి. ఈ విద్య నేర్చుటకు ఒక పూట చాలును. ఏటా మన కళాశాలలో ఆ ఒక్క పూటను కేటాయించవలసిందిగా కార్యవర్గం వారికి నా సవినయ మనవి.